మూత పెట్టిన గోలెం

మిట్టమధ్యాహ్నం పిల్లి గోలెం అంచు మీద కూర్చుని ఉండడం మొదట నాకు వింతగా అనిపించలేదు. గొర్రెలు తాగడానికి బాపు పెరట్లో కట్టించిన సిమెంటు గోలెం అది. అందులో బోరు నీళ్లు పట్టి ఉంచుతాం. ఎండాకాలం కాకులు కూడా దాని చుట్టే తిరుగుతాయి. కాని నేను పుస్తకం పట్టుకుని గడపలో కూర్చున్నప్పుడు తాగుతున్న పిల్లి, పది పేజీలు చదివి తలెత్తేసరికి కూడా తాగుతూనే ఉంది. ఇంకో పది పేజీలయ్యాక చూసినా అంతే. కాసేపటికి తాగడం ఆపింది గాని దిగలేదు. గడ్డాన్ని అంచుకు ఆనించి నీళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. పిలిచాను. చెవి కూడా కదల్లేదు.

"నీళ్లల్ల ఎవల్నో చూస్తాందే అది," అంది అవ్వ, వసారాలో మంచం మీది నుంచి. "మన కండ్లకు ఆనరు."

"ఎవలున్నరవ్వా? దాని మొఖమే అది చూసుకుంటాంది."

"పదమూడేండ్ల సంది లేని సోకు ఇప్పుడొచ్చిందా దానికి?"

అది అవ్వ పిల్లి. పేరు లేదు. మా ఇంట్లో గొర్రెలకు కూడా రంగును బట్టి, చెవులను బట్టి పేర్లుంటాయి. పిల్లి మాత్రం పిల్లే. నాకు తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది. అవ్వ మోకాళ్ల వెనక ముడుచుకుని పడుకుంటుంది. అది కదిలితే తప్ప అవ్వ కదలదు.

ఆ వారంలో ఇంట్లో ఎక్కడ చూసినా తడి. ఇంత చిన్న పిల్లి లోంచి అన్ని నీళ్లు ఎలా వస్తున్నాయో అర్థమయ్యేది కాదు. అవ్వ మూడు రోజులు ఆ తడి దగ్గర చీమల కోసం చూసింది. షుగర్ ఉంటే చీమలు పట్టాలని ఆమె నమ్మకం. ఒక్క చీమ కూడా రాలేదు. "షుగర్ గాదు," అని తేల్చేసింది. ఆ తర్వాత పిల్లి తిండి మానేసింది. పాలన్నం వాసన చూసి తల తిప్పుకునేది. నడక మారింది. వెనక కాళ్లు ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఈడ్చుకుంటూ, గోడ వెంబడి నడిచేది. దూకబోయి ఆగి, ఎత్తు చూసుకుని, మానేసేది.

ఒక సాయంత్రం అవ్వ దాన్ని చాలాసేపు చూసి, "నా తీరే అయితాంది బిడ్డా," అంది.

అవ్వ తీరు అంటే మా ఊరందరికీ తెలుసు. ఆమె మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. నడుము ముందుకు వంగిపోయి, నేలను వెతుకుతున్నట్టు నడుస్తుంది. మా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని అది. కృష్ణ నీళ్లు నల్లాల్లోకి వచ్చింది రాష్ట్రం వచ్చాకే. అప్పటికి నా పళ్లు కూడా రంగు తిరిగిపోయాయి. గోధుమరంగు చారలు, మధ్యలో సుద్ద మచ్చలు. కాలేజీలో నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడిన రోజు లేదు. చివరికి మాట్లాడడమే తగ్గించి డైరీ రాయడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్లడిగితే ఒక గుక్కే ఇచ్చేవారు. "గుటికెడు చాలు. ఎన్ని తాగితే అంత ఇసం," అనేవాళ్లు పెద్దవాళ్లు. మా దగ్గర పెరిగిన వాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఎముక వంగితే తప్పు నీళ్లదే.

అందుకే ఆ రాత్రి డైరీలో ఇలా రాసుకున్నాను: "రేపటి నుంచి బోరు నీళ్లు బంద్. నల్లా నీళ్లే, అవి కూడా కొద్దిగా."

మర్నాడు గొర్రెలను తోలుకుపోగానే గోలెం మీద రేకు కప్పి రాయి పెట్టాను. రోజూ అవి తిరిగొచ్చే వేళకు తీసేసేదాన్ని. బాపు పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. అమ్మ పత్తి చేలల్లో కలుపుకు పోతుంది. వాళ్లకు చెప్పాలని నాకు తోచలేదు. చెప్పడం నా అలవాటు కాదు. పిల్లిని వెనక అర్రలో పెట్టి తలుపు గొళ్లెం వేశాను. చాయ్ తాగే చిన్న ప్లాస్టిక్ కప్పులో సగం నీళ్లు పొద్దున, సగం సాయంత్రం. అవ్వకు చెబితే, "మంచిపని చేసినవ్," అంది.

మొదటి రోజు అరిచింది. రెండో రోజు ఆ అరుపు మారిపోయింది. పిల్లి అరుపులా కాదు, దూరంలో ఎవరో ముసలావిడ ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టు. నేను వసారాలో చదువుకుంటూ రెండుసార్లు లేచి వీధిలోకి చూసి వచ్చాను. మూడో రోజు అరుపు లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అర్రలోంచి గరగరమని చప్పుడు వినిపించింది. మట్టిని గీరుతున్న చప్పుడు. ఆగడం లేదు. తలుపు సందులోంచి చూశాను. ఆ అర్రలో మేం తాగే నీళ్ల మట్టి రంజన్ ఉంటుంది. మూత మీద బరువు పెట్టి ఉంది కాబట్టి ఫికర్ లేదనుకున్నాను. పిల్లి దాని పొట్టకు ముందుకాళ్లు ఆనించి నిలబడి, రంజన్ బయటి వైపు పట్టిన చెమటను నాకుతోంది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. కళ్లు మూసుకుని ఉంది.

అప్పుడు నేను చేసిన పని రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. రంజన్‌ను బయటికి జరిపాను. మొండి రోగికి ఇష్టమైనదే విషమని మా ఊళ్లో అంటారు, నేనూ అదే అనుకున్నాను. రంజన్ ఉన్నచోట నేల మీద గుండ్రని తడి మచ్చ మిగిలింది. పిల్లి దాని మధ్యలోకి వెళ్లి తల వంచింది. సాయంత్రానికి ఆ మచ్చ ఆరిపోయింది. మర్నాడు చూసినా, ఆ మర్నాడు చూసినా పిల్లి అక్కడే, ఆరిపోయిన గుండ్రం మధ్యలో, పొడి బండను నాకుతూ ఉంది. నేను దగ్గర కూర్చుంటే నా చేతి చెమట నాకింది. ముఖం దగ్గరికి తీసుకుంటే కనురెప్పలు నాకింది. ఆ నాలుక ఎండిన ఆకులా ఉంది. ఏడో రోజు డైరీలో "ప్రేమగా ఉంటోంది" అని రాసుకున్నాను. ఆ వాక్యం ఇంకా అక్కడే ఉంది, కొట్టెయ్యలేదు.

తొమ్మిదో రోజు లేవలేకపోయింది.

బాపు దాన్ని గంపలో పెట్టి, నన్ను బండి వెనక ఎక్కించుకుని నల్లగొండ పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టర్‌కు బాపు తెలుసు, గొర్రెల కడుపులో నట్టలకు మందు కోసం పోతూ ఉంటాడు.

"ఏమయ్యా, గొర్రె పిల్లిని కన్నదా?" అన్నాడు డాక్టర్ గంపలోకి చూసి. తర్వాత నవ్వడం మానేశాడు. నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు, గొంతు మీద వేళ్లు పెట్టి మెల్లగా కిందికి జరిపాడు. ఒకచోట వేలు ఆగింది.

"నీళ్లు తాగుతాందా?"

"మస్తు తాగుతది సార్. గోలెం ఎక్కితే దిగదు," అన్నాడు బాపు.

నేను గంప అంచులో ఊడిన పుల్లను లోపలికి దోపాను.

"ఎలుకల మందు గిట్ల ఏమన్న తిన్నదా? కొన్ని మందులు తింటే రక్తంల కాల్షియం పెరుగుతది."

మా ఇంట్లో ఆ మందు లేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని పిల్లి గొంతు మీద పెట్టించాడు. "జర మెల్లగ. దొరికిందా?" బఠాణీ గింజంత ఏదో వేలి కింద నుంచి జారి పక్కకు తప్పుకుంది. మళ్లీ వెతికితే దొరికింది, మళ్లీ జారింది. నేను వేలసార్లు గోకిన గొంతు అది. ఎప్పటి నుంచి అక్కడ ఉందో ఆ గింజ, మేం ఎవరం చూడనప్పుడు ఎంత పెరిగిందో.

రక్తం తీసి పరీక్ష చేయించాడు. మర్నాడు మళ్లీ రమ్మని మళ్లీ తీశాడు. రెండుసార్లూ కాల్షియం బాగా ఎక్కువే.

"గొంతుల థైరాయిడ్ పక్కన నాలుగు గ్రంథులుంటయి," అన్నాడు. "పారాథైరాయిడ్ అంటరు. ఆవగింజలంత. రక్తంల కాల్షియం తగ్గితే బొక్కలల్లకెళ్లి తీసి రక్తంల పోసుడు వాటి పని. అండ్ల ఒక్కటి కంతి అయిందనుకో, తక్కువ కాకున్నా తీస్తనే ఉంటది. నేను చదివిన గాని చూడలే. హైదరాబాద్ తీస్కపోండ్రి."

ఎముకల నుంచి తీస్తుందన్న మాట మాత్రమే నాకు వినిపించింది. ఆ గ్రంథిని కూడా మా నీళ్లే పాడు చేశాయనుకున్నాను. చాయ్ కప్పు సగం దాటనివ్వలేదు.

పన్నెండో రోజు పొద్దున హైదరాబాద్ బయల్దేరాం. నార్కట్‌పల్లిలో బస్సు మారాం. గంప మీద తువాల కట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కసీటులో పెద్దావిడ తువాల సందులోంచి కళ్లు చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, పిల్లి! ఎదురొస్తే ఎనుకకు పోతం. పక్కన్నే కూసుంటే యాడికి పోవాలె?"

"ఎదురు రాలే గదమ్మా," అన్నాడు బాపు. "మనతోటే వస్తాంది."

ముందు సీట్ల వాళ్లు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది గాని, దిగేదాకా చీర కొంగు గంపకు తగలకుండా పట్టుకుంది. నేను సందులోంచి వేలు లోపలికి పెట్టాను. దారి పొడుగునా పిల్లి ఆ వేలిని నాకుతూనే ఉంది.

హైదరాబాద్ దవాఖానలో డాక్టర్ మేడమ్ గొంతు మీది బొచ్చు గీసి స్కానింగ్ చేసింది. తెర మీద బూడిద రంగు మబ్బుల మధ్య ఒక నల్లని గింజ కనిపించింది. రక్తం తీసి కొంత అక్కడే పరీక్షించారు, కొంత ఆ గ్రంథి వదిలే హార్మోన్ చూడడానికి వేరే ల్యాబ్‌కు పంపారు.

"కాల్షియం ఇంత ఎక్కువున్నప్పుడు ఆ గ్రంథి ఊకోవాలె," అంది మేడమ్ నల్లగొండ రిపోర్టు చూస్తూ. "ఇంకా హార్మోన్ వదుల్తనే ఉంటే కంతి దాంట్లనే ఉన్నట్టు. అది తీసేస్తే చాలా పిల్లులు బాగైతయి." ఆమె పిల్లి మెడ మీది చర్మం పట్టి లేపి వదిలింది. చర్మం లేచినచోటే నిలబడి, మెల్లగా కిందికి దిగింది. "గట్ల నీళ్లు ఎందుకు తాగుతదో తెలుసా? ఎక్కువైన కాల్షియం వల్ల కిడ్నీలు నీళ్లు పట్టి ఉంచలేవు. పోయిన నీళ్లు పోయినట్టు తాగాలె. పాపం, ఇన్నాళ్లు దీన్ని బతికించింది ఆ నీళ్లే."

గదిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది గాని దాని చప్పుడు ఆగిపోయినట్టు అనిపించింది.

కొంతసేపటికి అక్కడి రక్తం రిపోర్టు వచ్చింది. మేడమ్ దాన్ని చదివి, మళ్లీ చదివి, బాపును అడిగింది. "ఇప్పుడు గూడ మంచిగ తాగుతాందా నీళ్లు?"

"తాగుతది మేడమ్. మా గోలెం సగం దానికే."

"అన్ని తాగినా గిట్ల ఎండిపోయిందంటే కిడ్నీలు పోయినట్టే. ఆపరేషన్‌కు తట్టుకోదు." ఆమె స్వరం తగ్గింది. "ఇంటికి తీస్కపోండి. లేకుంటె బాధ లేకుండ ఇక్కడనే నిద్రపుచ్చుత."

బాపు తువాల తీసి ముఖం తుడుచుకున్నాడు. జీవాలతో బతికిన మనిషి. "అట్లనే కానియ్యిండ్రి మేడమ్. మూగజీవి. ఎన్నొద్దులని గోస పెడ్తం?"

మేడమ్ అల్మారా వైపు తిరిగింది. నేను సంచిలోంచి డైరీ తీశాను. పేజీ తెరిచి, పన్నెండు రోజుల లెక్క ఉన్నచోట వేలు పెట్టి ఆమె ముందుకు చాచాను.

"ఏందిది?"

"చదువుండ్రి మేడమ్."

"చేతులకు గ్లోవ్స్ ఉన్నయి. నోటితో చెప్పు."

చెప్పాను. ఆమెకు వినపడలేదు. "చెయ్యి అడ్డం తీసి చెప్పు."

చెయ్యి తీశాను. "నీళ్లు తాగనియ్యలే మేడమ్. నేనే. పన్నెండు రోజులు. అర్రల పెట్టి గొళ్లెమేసిన."

బాపు నా వైపు తిరిగాడు. "ఏమన్నవ్?"

"ఎన్ని ఇచ్చినవ్ రోజుకు?" అంది మేడమ్.

"చాయ్ కప్పు సగం. పొద్దున, సాయంత్రం."

"ఎందుకు?"

"మా దగ్గర నీళ్లకు బొక్కలు వంగుతయి మేడమ్."

ఆమె నా నోటినే చూస్తోంది. ఏ ఊరని అడగలేదు. అల్మారా మూసేసింది. "అయితె ఈ కిడ్నీ లెక్క నమ్మొద్దు. నీళ్లు లేక పెరిగిందేమో. సెలైన్ పెడ్తం, కాల్షియం దించే మందు ఇస్తం. రెండ్రోజులు చూద్దం. అప్పటికీ దిగకుంటె మాత్రం ఇగ ఆశ లేదు."

బయట బెంచీ మీద బాపు ఖాళీ గంపను ఒళ్లో అటూ ఇటూ తిప్పాడు.

"నాకొక్క మాట చెప్పకపోతివి," అన్నాడు చివరికి.

"నువ్వు మంద కాడ ఉంటివి బాపూ."

"గొర్రెకు నీళ్లు ఆపితే ఏమైతదో నన్నడిగితే చెప్తుంటి గదనే."

మందను చూసే దిక్కు లేక ఆయన సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. నేను చుట్టాలింట్లో ఉండి రోజూ వచ్చాను. పిల్లి కాలికి సూది, పైన సెలైన్ సీసా. ఒక్కొక్క చుక్కా పడుతుంటే పిల్లి పడుకున్నచోటు నుంచే పైకి, ఆ చుక్క వైపే చూసేది. రెప్ప వేసేది కాదు. నేను ఎదురుగా కూర్చుంటే చూపు నా మీదుగా వెళ్లిపోయేది, అక్కడ కుర్చీ ఒక్కటే ఉన్నట్టు.

మూడో రోజుకు కిడ్నీ లెక్క బాగా దిగింది. హార్మోన్ రిపోర్టు కూడా వచ్చింది. ఆ గ్రంథి ఆగకుండా పని చేస్తూనే ఉంది. ఆ పొద్దునే ఆపరేషన్ చేశారు.

మేడమ్ నాకు చిన్న సీసా చూపించింది. మందు నీళ్లలో లేత గోధుమరంగు గింజ. సీసా కదిలిస్తే అది నీళ్లకంటే ఒక క్షణం ఆలస్యంగా కదిలింది.

"గింతేనా మేడమ్?"

"గింతే. ఇన్నాళ్లు ఇదొక్కటే పని చేసేసరికి మిగిలిన గ్రంథులు నిద్రపోయినయి. అవి లేవడానికి టైం పడ్తది. అందాక కాల్షియం ఇప్పుడు తక్కువ పడొచ్చు. మొఖం రుద్దుకున్నా, చెవులు అదిరినా, నడక కట్టెలెక్క అయినా ఊకోవద్దు. ఫోన్ చెయ్యి."

మూడు రోజులు అక్కడే ఉంచుకుని, కాల్షియం మందు, విటమిన్ డి మందు రాసి పంపారు. ఇంటికి రాగానే అవ్వ గంప ఒళ్లో పెట్టుకుని గీసిన గొంతును వేలితో తడిమింది. "ఎవరి పిల్లినో తెస్తిరి," అంది. నవ్వుతూనే అంది. కాని పిల్లి ఆ రోజు అవ్వ మోకాళ్ల వెనకకు పోలేదు.

రెండో రోజు మధ్యాహ్నం వసారాలో కూర్చున్న పిల్లి ముందుకాలితో ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టింది. పిల్లులు తుడుచుకుంటాయి కదా. కాని ఇది ఒకే చెంప, ఒకే చోట, మీద ఏదో అంటుకుని ఊడిరానట్టు. తర్వాత చెవుల కొనలు అదిరాయి. గాలి లేదు. చర్మం కింద ఏదో పాకుతున్నట్టు వీపు మీద అల కదిలింది. లేచి నాలుగు అడుగులు వేసింది, కీళ్లు లేని జంతువులాగా. ఎదురుగా ఉన్న ఖాళీ గోడను చూసి పళ్లు బయటపెట్టింది.

"గాలి సోకింది," అంది అవ్వ. లేవబోయింది. "ఎండుమిరపకాయలు తే, దిష్టి తీస్త."

నేను కాల్షియం సీసా అందుకున్నాను. అవ్వ మనిషంతా నా వైపు తిరిగింది.

"పిచ్చిదానా! ఒంట్లె సున్నం ఎక్కువైందనే గద గొంతు కోసిరి? మల్ల సున్నమే పోస్తవా?"

సీసా చేతిలోనే ఆగిపోయింది. అవ్వ మాట సరిగ్గానే ఉంది. నేను గోలెం మీద రేకు కప్పిన రోజు నా ఆలోచన కూడా ఇంతే సరిగ్గా ఉంది. సీసా పక్కన పెట్టి ఫోన్ తీశాను. జీవితంలో నేనుగా ఎవరికైనా చేసిన ఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మేడమ్ ఎత్తగానే చూసింది చూసినట్టు చెప్పాను. చెంప, చెవులు, నడక, గోడ. నోటికి చెయ్యి అడ్డం లేదని ఆ తర్వాత గాని తెలియలేదు.

"కాల్షియం పడిపోయింది. మూర్ఛ రాకముందే మీ నల్లగొండ డాక్టర్ దగ్గరికి తీస్కపో. నరంలకు మెల్లగ ఎక్కియ్యమను. నేను ఆయనతోటి మాట్లాడ్త. నడువు."

బాపు మంద దగ్గర ఉన్నాడు. గంప చంకనెత్తుకుని రోడ్డు మీదికి పోయి, ఎప్పుడూ చెయ్యి ఎత్తి ఆపని నేను ఆటోకు అడ్డం నిలబడ్డాను. దారిలో గంప అదురుతూనే ఉంది. దవాఖానలో డాక్టర్ గుండె మీద గొట్టం పెట్టి వింటూ, బొట్టుబొట్టుగా మందు ఎక్కించాడు. "ఈనిన బర్రెలకు నిత్యం చేసేదే," అన్నాడు. "దీనికి చెంచాడు, గంతే తేడా." సగం సిరంజీ అయ్యేసరికి చెవులు ఆగాయి. తర్వాత వీపు ఆగింది. పిల్లి ఒక్కసారి పొడుగ్గా ఊపిరి వదిలింది. ఆ బల్ల మీద పడుకున్నది ఏదైనా, అది మా ఇంటి పిల్లే అని అప్పుడు మళ్లీ అనిపించింది.

మిగిలిన గ్రంథులు లేవడానికి చాలా వారాలు పట్టింది. రక్తం చూసి చూసి మందులు తగ్గించుకుంటూ, ఒకరోజు అక్కర్లేదన్నారు. ఇప్పుడు అది దూకుతుంది. అవ్వ మోకాళ్ల వెనకకు చేరింది. అవ్వ చేతిలో గిన్నె పట్టుకుంటే తాగుతుంది. బాపు చెంబుతో పోస్తే ఆ ధారకే నోరు పెడుతుంది.

నేను పెడితే తాగదు. గిన్నెకు మూరెడు దూరంలో కూర్చుని నన్ను చూస్తుంది. కోపం లేదు, భయం లేదు. నేను వెళ్లేదాకా ఎదురుచూస్తుంది. "బాగైంది గద బిడ్డా, ఇంకేం గావాలె నీకు?" అంటుంది అవ్వ. రోజూ మధ్యాహ్నం గిన్నె నిండా నల్లా నీళ్లు పోసి, పెరట్లో నీడలో పెట్టి, లోపలికి వెళ్లిపోతాను. తిరిగి వచ్చి చూస్తే నీళ్లు వేలెడు తగ్గి ఉంటాయి. పెరట్లో ఎవరూ ఉండరు.